నిద్ర లేచాక అరగంట

నలభై అయిదు దాటినవాళ్ళు పొద్దున్నే మంచం దిగేటప్పుడు గోడ పట్టుకోవడం వింతేమీ కాదు. ఆ పట్టేయడం ఎంతసేపు ఉంటోందో ఎవరూ గమనించకపోవడమే వింత. డాక్టరు దగ్గరికి వెళ్తే నొప్పి ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తారు, ఎన్నాళ్ళ నుంచో చెబుతారు, పక్కింటావిడకీ ఇలాగే ఉందని కూడా చెబుతారు. "లేచాక ఎంతసేపటికి మామూలవుతుంది?" అని అడిగితే మాత్రం తడుముకుంటారు. కీళ్ళ డాక్టరుకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చే జవాబుల్లో అదొకటి.

కీలు అరగడం వల్ల వచ్చే బిగుతు సాధారణంగా అరగంటలోపే సర్దుకుంటుంది. నాలుగడుగులు వేసి, పళ్ళు తోముకుని, కాఫీ తాగేసరికి మోకాళ్ళు మాట వింటాయి. మెట్లు ఎక్కువ ఎక్కిన రోజు సాయంత్రం మళ్ళీ నొప్పి లేస్తుంది. సినిమా అయిపోయి సీట్లోంచి లేచేటప్పుడు కూడా ఇలాగే కాసేపు పట్టేస్తుంది. వాపుతో వచ్చే కీళ్ళ జబ్బుల తీరు వేరు. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో బిగుతు తరచు గంట దాటుతుంది, ఒక్కోసారి పది పదకొండయ్యేదాకా వదలదు. రెండు చేతుల వేళ్ళ కణుపులూ, మణికట్లూ కలిసి పట్టేస్తాయి. పిడికిలి బిగుసుకోదు, ఉంగరం రాదు, చపాతీ పిండి కలపడం కష్టం. కూర్చుంటే పెరుగుతుంది, పనిలో పడితే తగ్గుతుంది. వాపును పెంచే రసాయనాలు తెల్లవారుజామున ఒంట్లో ఎక్కువగా ఉండటం దీనికి ఒక కారణం. ఈ జబ్బు మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో రెండు మూడు రెట్లు ఎక్కువ. "పనిలో పడితే తగ్గిపోతుందిలే" అని ఏళ్ళ తరబడి నెట్టుకొచ్చేదీ వాళ్ళే. వేళ్ళ వాపుతో పాటు ఇలాంటి బిగుతు ఆరు వారాలు దాటితే ఇంక ఆగకూడదు. మందు తొందరగా మొదలుపెడితే వేళ్ళు వంకర పోకుండా చాలావరకు ఆపగలరు.

నడుము విషయంలో ఇంకో గుర్తు ఉంది. నొప్పి నలభై అయిదేళ్ళలోపే మొదలై, మూడు నెలలు దాటి, తెల్లవారుజామున నిద్ర లేపి, పడుకుంటే పెరిగి తిరిగితే తగ్గుతుంటే, అది బస్సు ప్రయాణం వల్లో బరువు ఎత్తడం వల్లో వచ్చింది కాకపోవచ్చు. వెన్నెముకకు వాపు తెచ్చే జబ్బులున్నాయి, చూపించుకోవాలి.

కాబట్టి ఒక వారం పాటు రాసుకోండి: లేచింది ఎన్నింటికి, చేతులూ నడుమూ స్వాధీనంలోకి వచ్చింది ఎన్నింటికి, ఏ కీళ్ళు, వాపు ఉందా లేదా. ఫోన్లో రాసుకున్నా సరే. "ఫుల్ బాడీ" రక్తపరీక్షల ప్యాకేజీలో ఆర్ఏ (రుమటాయిడ్) ఫ్యాక్టర్ పాజిటివ్ వచ్చిందని హడలిపోయేవాళ్ళకు కూడా ఈ రాసుకున్నదే దిక్కు. ఏ జబ్బూ లేనివాళ్ళలోనూ ఆ పరీక్ష పాజిటివ్ రావచ్చు, జబ్బున్నవాళ్ళలో నెగటివ్ రావచ్చు.

లేచిన మొదటి గంటలో చేసే పనుల వరస గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మందుల షాపుకు వెళ్ళేముందు మార్చాల్సింది అదే. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు మనం పడుకున్నప్పుడు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే పొద్దున్న ఎత్తు కొలిస్తే రాత్రికంటే ఒకటి రెండు సెంటీమీటర్లు ఎక్కువ వస్తుంది. పెరిగినదాంట్లో దాదాపు సగం లేచిన మొదటి గంటలోనే తగ్గిపోతుంది. ఆ గంటలో డిస్కు గాలి నిండుగా కొట్టిన ట్యూబులా బిర్రుగా ఉంటుంది, వంగినప్పుడల్లా దాని మీదా చుట్టూ ఉన్న లిగమెంట్ల మీదా ఒత్తిడి ఎక్కువ పడుతుంది. 1998లో అమెరికాలో స్నూక్ అనే పరిశోధకుడూ ఆయన సహచరులూ నడుమునొప్పి వదలని కొందరిని లేచిన మొదటి రెండు గంటలు నడుము వంచకుండా ఉండమన్నారు. కొత్త మందేమీ ఇవ్వలేదు. అయినా నొప్పి ఉన్న రోజులు తగ్గాయి.

మన ఇళ్ళలో ఆ మొదటి గంట ఎలా గడుస్తుందో చూడండి. పొట్టి చీపురుతో వాకిలి ఊడ్చి, బకెట్టెత్తి కళ్ళాపి చల్లి, వంగి ముగ్గేసి, కొళాయి వచ్చిందంటే బిందెలు మోసి, అంట్లు తోమి, ఆ తర్వాతే పొయ్యి వెలిగిస్తారు. ధనుర్మాసంలో చెప్పనే అక్కర్లేదు. అంతా అయ్యాక ఆ మనిషే టిఫిన్ డబ్బా పట్టుకుని ఎనిమిదింటి బస్సెక్కాలి. నడుము వంచే పనులన్నీ డిస్కు అన్నిటికంటే ఉబ్బి ఉన్న వేళకే చేరాయి. వరస తిప్పితే బాధ కొంత తగ్గవచ్చు. లేవగానే నిలబడి చేసే పనులు పెట్టుకోండి: పాలు కాచడం, కూరలు తరగడం, డబ్బా సర్దడం. ఊడ్వడం, ముగ్గు, అంట్లు ఒక గంట వెనక్కి నెట్టండి. అపార్ట్‌మెంట్లలో చాలామంది ముగ్గు ముందురోజు రాత్రే వేసేస్తున్నారు. అత్తగారు ఏమంటారన్నది వేరే సంగతి. పొద్దున్నే తప్పదంటే చిన్న పీట మీద కూర్చుని వేయండి, లేదా పొడవు కర్ర ఉన్న చీపురు కొనండి. బకెట్టు నిండుగా ఎత్తకండి, సగమే నింపి రెండుసార్లు వెళ్ళండి. ఇంట్లో పెద్ద పిల్లలుంటే బిందె వాళ్ళ పని. మగవాళ్ళు ఆఫీసుకు టైమైపోతోందని వంగి వంగి బండి తుడిచే పనిని కూడా సాయంత్రానికి మార్చుకోవచ్చు.

ఇంకో మాట చెబితే యోగా మాస్టర్లకు కోపం రావచ్చు. లేవగానే సూర్యనమస్కారాలు, మోకాళ్ళు వంచకుండా కాలివేళ్ళు ముట్టుకోవడం నడుము నొప్పి ఉన్నవాళ్ళకు మంచివి కావు. సూర్యుడు గంటసేపు ఆగుతాడు. ముందు మంచం మీదే పాదాలను పైకీ కిందికీ ఆడించండి, మడమలు జరుపుతూ మోకాళ్ళు మడిచి చాపండి. పక్కకు తిరిగి, చేత్తో మంచాన్ని నెట్టుకుంటూ లేవండి. వెల్లకిల నుంచి నేరుగా లేవకండి. చేతులూ మోకాళ్ళూ ఆనించి వీపును మెల్లగా పైకి ఎత్తి, మెల్లగా కిందికి దించండి. సాగదీయకూడదు, ఊరికే కదపాలి, అంతే. తర్వాత వేణ్ణీళ్ళు పోసుకుంటే బిగుతు తొందరగా వదులుతుంది. వేళ్ళు పట్టేసేవాళ్ళు గోరువెచ్చని నీళ్ళలో చేతులు పెట్టి మూసి తెరవాలి.

మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్టుందంటే అది వేరే లెక్క. పాదం అడుగున ఉండే గట్టి పొర రాత్రంతా కుదించుకుపోయి, ఒక్కసారి బరువు పడేసరికి లాగుతుంది. రోజంతా నిలబడే టీచర్లకు, ట్రాఫిక్ పోలీసులకు, బట్టల షాపు సేల్స్ వాళ్ళకు ఇది మామూలే. లేవకముందే కాలి వేళ్ళను చేత్తో వెనక్కి లాగి పట్టుకోండి, ఒక్కో పాదం పదిసార్లు. పిక్క కండరాన్ని గోడకు చేతులానించి సాగదీయండి. ఇంట్లో గ్రానైట్ నేల మీద ఉత్త కాళ్ళతో తిరగకండి. బయటికి వేసుకునేవి కాకుండా ఇంట్లోకి మెత్తటి చెప్పులు ఒక జత విడిగా పెట్టుకుంటే మడికీ అడ్డు రాదు. ఓపిక పట్టాలి, తగ్గడానికి నెలలు పడుతుంది.

ఉదయం బాధలో పెద్ద వాటా ముందురోజు డ్యూటీదే. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్ళు ఒళ్ళో చాట పెట్టుకుని, తల వంచుకుని, గంటల తరబడి వేళ్ళతో చుడతారు. గుంట మగ్గం మీద నేసేవాళ్ళదీ దాదాపు అదే భంగిమ. వాళ్ళకు "గంటకోసారి వాకింగ్ చేయండి" అంటే నవ్వుతారు, ఎందుకంటే కూలి లెక్క వెయ్యి బీడీలకు. చేయగలిగింది వేరే ఉంది: వీపు గోడకు ఆనేలా కూర్చోవడం, చాట కింద దిండు పెట్టి పనిని కళ్ళ దగ్గరికి తేవడం, కట్ట కట్టినప్పుడల్లా తల పైకెత్తి భుజాలు వెనక్కి తిప్పడం. బస్సు, లారీ, ఆటో నడిపేవాళ్ళు ముందు వెనక జేబులోంచి పర్సు తీసేయాలి. రోజంతా ఒక పిర్ర ఎత్తు మీద కూర్చుంటే నడుము ఒకవైపుకే లాగుతుంది. స్టాండులో బండి ఆగగానే దిగి, చేతులు నడుం మీద పెట్టి వెనక్కి వంగాలి. కంప్యూటర్ ముందు పనిచేసేవాళ్ళు ఖరీదైన కుర్చీ కొని, రాత్రి మంచం మీద బోర్లా పడుకుని ఫోను చూస్తే ఆ కుర్చీ ఖర్చు దండగ.

నిలబడే ఉద్యోగాల గురించి చట్టం ఏనాడో ఆలోచించింది. నిలబడి పనిచేసేవాళ్ళకు వీలున్నప్పుడు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్‌లోనే రాశారు. షాపుల్లో పనిచేసేవాళ్ళకు కూర్చునే హక్కు ఇస్తూ కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు మార్చాయి. మన దగ్గర మాల్ కౌంటర్ వెనక స్టూలు అడగడం ఇప్పటికీ సాహసమే. అయినా అడగాలి, ఒక్కరే కాకుండా నలుగురు కలిసి.

బల్ల మీద పడుకుంటే నడుము బాగవుతుందన్నది పెద్దల మాట. 2003లో లాన్సెట్ పత్రికలో వచ్చిన స్పెయిన్ అధ్యయనం 313 మందికి రెండు రకాల పరుపులు ఇచ్చి చూసింది. గట్టి పరుపు మీద పడుకున్నవాళ్ళకంటే మధ్యస్థంగా ఉన్న పరుపు మీద పడుకున్నవాళ్ళకే నొప్పి ఎక్కువ తగ్గింది. పాత దూది పరుపు గుంటలు పడితే ఏకించి మళ్ళీ కుట్టించండి. చెక్కబల్ల మాత్రం వద్దు.

కొన్నిసార్లు తప్పు కీలుది కాదు. థైరాయిడ్ తగ్గితే కండరాలు బరువెక్కి పట్టేస్తాయి. షుగరున్నవాళ్ళకు నలభై, అరవై ఏళ్ళ మధ్య భుజం బిగుసుకుపోవడం ఎక్కువ: వీపు వెనక హుక్కు అందదు, బస్సులో పైరాడ్ అందదు, ఆ భుజం మీద పడుకోలేరు. అది పూర్తిగా వదలడానికి ఏడాది నుంచి మూడేళ్ళు పట్టవచ్చు. కొలెస్ట్రాల్‌కు వాడే స్టాటిన్ల వల్ల కొందరికి కండరాల నొప్పులొస్తాయి. డాక్టరుతో చెప్పండి, సొంతంగా మానేయకండి. విటమిన్ డి తక్కువైనా ఎముకలు పీకుతాయి. కానీ వారానికొకటి రాసిచ్చే 60,000 యూనిట్ల పొట్లాన్ని రోజూ వేసుకుంటే రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరుగుతుంది. 2005, 2006ల్లో చికున్‌గున్యా మన జిల్లాల్లో ఊళ్ళకు ఊళ్ళను మంచాన పడేసినప్పుడు జ్వరం వారంలో పోయినా కీళ్ళ బిగుతు కొందరిని నెలలూ ఏళ్ళూ వదల్లేదు. ఇప్పుడూ వర్షాకాలం జ్వరం తర్వాత మొదలైన నొప్పులైతే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో బోరు నీళ్ళు తాగి పెరిగినవాళ్ళకు మెడా నడుమూ బిగుసుకోవడం ఫ్లోరైడ్ వల్ల కూడా కావచ్చు. అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును 1937లోనే గుర్తించారు. వంకాయ, గోంగూర తింటే వాతం చేస్తుందన్న భయానికి మాత్రం అంత బలమైన ఆధారం లేదు. బరువు తగ్గడానికి ఉంది: ఒక కిలో తగ్గితే నడిచే ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

మెడికల్ షాపులో "ఒళ్ళు నొప్పులకి ఒక షీటు ఇవ్వన్నా" అని అడిగి తెచ్చుకునే బిళ్ళల్లో ఎక్కువగా ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్ లాంటివే ఉంటాయి. రెండు మూడు రోజులకు సరే. నెలల తరబడి వేసుకుంటే కడుపులో పుండ్లు, బీపీ, కిడ్నీ దెబ్బతినడం. బీపీ మందులూ షుగరూ ఉన్నవాళ్ళకు ప్రమాదం ఇంకా ఎక్కువ. మోకాలికీ వేళ్ళకూ ముందు పైపూత జెల్ వాడి చూడండి. పేరు లేని పొట్లాల్లో వచ్చే నాటు పొడి వేసుకోగానే నొప్పి మాయమై, ఆకలి పెరిగి, మొహం ఉబ్బితే అందులో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు. అప్పుడు కూడా ఒక్కసారిగా ఆపకుండా డాక్టరుకు చూపించి తగ్గించుకోవాలి. కాలు బలహీనపడినా, మూత్రం మీద అదుపు తప్పినా, ఒక్క కీలే ఎర్రగా వేడెక్కి జ్వరం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

జీతం నెలకు 21,000 లోపు ఉండి ఈఎస్ఐ కట్ అవుతుంటే చూపించుకోవడం, మందులు ఉచితం. అర్హత ఉంటే డాక్టరు సర్టిఫికెట్ మీద ఏడాదికి 91 రోజుల వరకు 70 శాతం జీతం కూడా వస్తుంది. కానీ ఈ నొప్పులకు చాలామందికి కావాల్సింది సెలవు కాదు, పనిలో ఒక చిన్న మార్పు. చీటీ రాయించుకునేటప్పుడు "విశ్రాంతి అవసరం" అన్న మాట దగ్గర ఆగిపోతే సూపర్‌వైజర్ పక్కన పడేస్తాడు. "పది కిలోలు మించి ఎత్తకూడదు", "గంటకోసారి అయిదు నిమిషాలు కూర్చోవాలి", "ఆరు వారాలు ఉదయం షిఫ్టు వద్దు" అని స్పష్టంగా రాయమనండి. దాన్ని హెచ్ఆర్‌లో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించిన కాపీ ఒకటి దగ్గర పెట్టుకోండి.