చలి ఉదయాలలో డీజిల్ ఇంజను ఆలస్యంగా అందుకోవడం: శంషాబాద్ పరిసర రైతుల వాహనాలలో లోప నిర్ధారణ

శంషాబాద్, మొయినాబాద్, చేవెళ్ల ప్రాంతాలలో పండే పూలు, కూరగాయలు తెల్లవారకముందే హైదరాబాదు మార్కెట్లకు చేరవలసి ఉంటుంది. గుడిమల్కాపూర్ పూల మార్కెట్టుకు అరగంట ఆలస్యమైనా ధరలో తేడా వస్తుంది. డిసెంబరు, జనవరి నెలల్లో సరిగ్గా బయలుదేరే వేళకే ఇంజను మొరాయిస్తే రైతు మొదట చేసే పని బ్యాటరీ మార్చడం. లోపం వేరొక చోట ఉన్నప్పుడు ఆ వ్యయం వృథా అవుతుంది, వారం తిరక్కుండానే అదే ఫిర్యాదు మళ్లీ వస్తుంది. విస్తరణ శాస్త్రవేత్తను రైతు సలహా అడిగేది సాధారణంగా ఈ రెండవసారి.

'స్టార్టు కావడం లేదు' అన్న ఒకే మాట వెనుక రెండు వేర్వేరు స్థితులు ఉంటాయి. సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజను బరువుగా, నెమ్మదిగా తిరగడం ఒకటి. చురుకుగానే తిరుగుతూ అందుకోకపోవడం మరొకటి. మొదటిది ప్రధానంగా విద్యుత్ సమస్య. రెండవది ఇంధనం, గాలి, వేడిమికి సంబంధించినది. ఈ తేడాను చెవితో విని నిర్ణయించకుండా ఏ భాగాన్నీ విప్పరాదు. అయితే డీజిల్ ఇంజనులో స్పార్కు ఉండదు. సిలిండరులో నొక్కుకుపోయిన గాలి వేడికే ఇంధనం మండాలి. నెమ్మదిగా తిరిగితే గాలి రింగుల పక్కనుంచి జారిపోతుంది, వేడి గోడలకు పోతుంది. అందువల్ల విద్యుత్ లోపం కూడా పైకి ఇంధన లోపంలా కనిపించవచ్చు. అనుభవజ్ఞులు సైతం పొరబడేది ఇక్కడే.

నెమ్మదిగా తిరిగే ఇంజనుకు పరీక్ష బ్యాటరీతో మొదలవుతుంది. రాత్రంతా కదలని బండికి ఉదయమే, సెల్ఫ్ కొట్టకముందు కొలవడం శ్రేష్ఠం. పూర్తి చార్జిలో ఉన్న 12 వోల్టుల బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. హైడ్రోమీటరులో ఆమ్ల ద్రావణం సాపేక్ష సాంద్రత 1.265 దరిదాపుల్లో ఉండాలి, 1.190కి దిగితే చార్జి సగమే మిగిలిందని అర్థం. ఈ విలువలు 27 డిగ్రీల సెల్సియస్ వద్దవి. ఉదయం 12 డిగ్రీల చలిలో ద్రావణం చిక్కబడి రీడింగు సుమారు 0.010 ఎక్కువ చూపుతుంది; విద్యార్థులు ఈ సవరణను తరచుగా మరచిపోతారు. అరల మధ్య తేడా 0.050 దాటితే ఆ బ్యాటరీని ఇక నమ్మనవసరం లేదు. నిజానికి బ్యాటరీని దెబ్బతీసేది మే నెల వేడిమి. జనవరి చలి ఆ దెబ్బను బయటపెడుతుంది, అంతే.

బ్యాటరీ బాగున్నా ఇంజను బరువుగా తిరిగితే తీగలను చూడాలి. సెల్ఫ్ మోటారు 250 ఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే, టెర్మినలు మీద పేరుకున్న తెల్లటి పొడి, వదులైన ఎర్తు బోల్టు కలిసి 0.004 ఓముల నిరోధం కలిగించినా ఒక వోల్టు అక్కడే నష్టమవుతుంది. సాధారణ ఓమ్ మీటరు ఇంత స్వల్ప నిరోధాన్ని పట్టుకోలేదు. స్టాప్ మీట లాగి ఉంచి సెల్ఫ్ కొడుతూ, బ్యాటరీ రుణ ధ్రువానికీ ఇంజను దిమ్మెకూ మధ్య వోల్టులు కొలవాలి. 0.2 వోల్టులకు మించితే ఎర్తు దారి విప్పి, గీకి, బిగించాలి. ఖర్చు ఒక గరుకు కాగితం ముక్క మాత్రమే. అదే సమయంలో బ్యాటరీ వద్ద వోల్టేజి 9.6 కన్నా తగ్గరాదు.

చురుకుగా తిరిగే ఇంజనులో పొగ గొట్టమే సాక్షి. సెల్ఫ్ కొట్టినంతసేపూ పొగ రాకపోతే డీజిల్ సిలిండరుకు చేరడం లేదు. తెల్లని పొగ వస్తే డీజిల్ చేరుతోంది గాని మండడం లేదు. డీజిల్ చేరని పక్షంలో వడపోతను, గాలి పట్టడాన్ని అనుమానించాలి. ట్యాంకు పంపుకన్నా దిగువన ఉండే సరుకు బండ్లలో చూషణ గొట్టం వైపు రాగి వాషరు అరిగితే చుక్క డీజిల్ కూడా బయటకు కారదు. గాలి మాత్రం లోపలికి చేరుతుంది, రాత్రికి గొట్టంలోని ఇంధనం ట్యాంకుకు దిగిపోతుంది. ఉదయం ఫీడ్ పంపు చేతి మీటను కొన్నిసార్లు ఆడించిన వెంటనే ఇంజను అందుకుంటే లోపం ఇదేనని దాదాపుగా చెప్పవచ్చు.

తెల్లని పొగ వచ్చి, అందుకున్నాక ఒక నిమిషం కుదుపుతో నడిస్తే, వేడి ప్లగ్గులున్న బండ్లలో వాటిలో ఒకటి కాలిపోయి ఉండవచ్చు. అటువంటి బండ్లలో గాలి దారిలోకి ఈథర్ చల్లడం ప్రమాదకరం. వేడి ప్లగ్గు తగిలి అకాలంలో పేలి రింగులు, పిస్టను విరగవచ్చు. చాలా ట్రాక్టర్లకు ఈ ప్లగ్గులే ఉండవు.

ఇవేవీ కానప్పుడే కంప్రెషను పరీక్ష. శంషాబాద్ విమానాశ్రయం సముద్ర మట్టానికి 617 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ వాతావరణ పీడనం సముద్ర మట్టంకన్నా సుమారు 7 శాతం తక్కువ. తయారీదారు పుస్తకంలోని అంకెతో నేరుగా పోల్చి ఇంజను అరిగిందని తేల్చడం తగదు. సిలిండర్ల మధ్య తేడాయే ప్రధానం.

2008లో విమానాశ్రయం ప్రారంభమైన నాటినుంచి ఈ పరిసరాలలో సేద్యపు భూమి కుంచించుకుపోయింది. చిన్న కమతాలలో ట్రాక్టరు కొన్ని రోజులే పనిచేసి వారాల తరబడి నిలిచిపోతుంది. అలా నిలిచిన బ్యాటరీ తనంతట తానే చార్జి కోల్పోయి పలకలపై గట్టి సల్ఫేటు పేరుకుంటుంది. పది పదిహేను రోజులకొకసారి అరగంట ఇంజను నడపడం, అంతకుమించి నిలిపితే ఎర్తు తీగ విప్పి ఉంచడం ఇటువంటి రైతులకు చెప్పవలసిన మొదటి సలహా.