పేరుపలకల తోట

తోట అనగానే మన కండ్ల ముందు మెదిలేవి గులాబీలు, క్రోటన్లు. కళాశాల ఆవరణలో ఇరుగుపొరుగువారితో కలసి ఒక తోట వేయ సంకల్పించినప్పుడు మేము కూడ నర్సరీ నుండి వాటినే తెచ్చినాము. చూడ ముచ్చటగా ఉన్నదే గాని, అందులో విద్యార్థి నేర్వదగినది స్వల్పము.

కనుక పూల రంగును బట్టి గాక, వృక్షకుటుంబాలను బట్టి మళ్ళు వేసినాము. ఒక మడిని మాత్రము వివరిస్తాము. నేరేడు, జామ, జామాయిల్ మూడును మిర్టేసీ కుటుంబానికి చెందినవి. నేరేడు మన దేశపు చెట్టు. జామ అమెరికా ఉష్ణమండలము నుండి, జామాయిల్ ఆస్ట్రేలియా నుండి వచ్చినవి. వీటికి చుట్టరికమేమని సందేహించే పాఠకులు ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టి భూతద్దముతో చూడవలెను. సూదిమొన పాటి చుక్కలు కనిపిస్తాయి. అవి తైలగ్రంథులు. ఆకు నలిపిన వెంటనే వాసన రావడానికి కారణము అవే.

ఇట్టి తోటలు మనకు కొత్త గావు. 1780వ దశకములోనే విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ప్రయోగాత్మకమైన తోట నడిపినాడు. 1795లో వెలువడనారంభించిన తన కోరమాండల్ తీర వృక్షగ్రంథములో మొక్కల తెలుగు పేర్లను సైతము నమోదు చేసినాడు.

మేమును ప్రతి మొక్కకు శాస్త్రీయనామముతో పాటు తెలుగు, ఉర్దూ పేర్లు వ్రాయదలచినాము. గోరింటకు మెహందీ, వేపకు నీమ్, తిప్పతీగకు గిలోయ్ అని సులువుగానే సాగినది. జామ వద్ద వివాదము పుట్టినది. గ్రంథస్థమైన ఉర్దూలో అది అమ్రూద్. మా వీధిలోని దక్కనీ ఇండ్లలో జామ్. ఏది సరియైనదని ఒక సాయంకాలమంతా వాదించుకొని, చివరకు రెండును వ్రాసినాము. పలక కొంచెము పెద్దదైనది, అంతే.

నర్సరీలో దొరకని తంగేడు, తిప్పతీగ, ఉత్తరేణి ఇరుగుపొరుగువారే తెచ్చి ఇచ్చినారు. సిగ్గుతో ఒప్పుకొనవలసిన మాట ఒకటున్నది. పలక పాతక ముందే ఉత్తరేణిని కలుపుమొక్క అనుకొని మేమే పీకివేసినాము. తెచ్చిన వృద్ధురాలు మరునాడు మరియొకటి తెచ్చి, పలక పాతే వరకు అక్కడనుండి కదలలేదు.

నేరేడుకు, జామకు నడుమ ఆరడుగులే విడిచినాము. ఇదియు మా పొరపాటే. నేరేడు మహావృక్షమై జామను నీడతో కమ్మివేయగలదు. ఈ వానలు పడగానే జామను వేళ్ళమట్టితో త్రవ్వి ప్రహరీ ప్రక్కకు మార్చదలచినాము. రెండు పేర్ల పలకయు దాని వెంటనే పోవును.