ఎముక యను గాదె - మూత్రపిండ వ్యాధి

వరిచేలలో వంగి పనిచేయు మన జంపని, తెనాలి ప్రాంతముల రైతులకు నడుమునొప్పి, కీళ్లనొప్పి క్రొత్తవి కావు. అవి పనిభారముచే గలిగినవని తలచి, దుకాణమున మాత్రలు కొని మ్రింగుట పరిపాటి. అయితే మూత్రపిండములు చెడినవారికిని ఎముకలు నొచ్చును. అట్టివారికి ఆ మాత్రలే కీడు చేయును.

శ్రీకాకుళము జిల్లా ఉద్దానమునందు కొబ్బరి, జీడిమామిడి తోటలలో శ్రమించు కర్షకు లనేకులు, చక్కెరవ్యాధి లేకయే, దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి పాలైరి. వారికొఱకు 2023వ సంవత్సరమున పలాసలో 200 పడకల వైద్యశాలయు, పరిశోధనా కేంద్రమును ప్రారంభింపబడినవి. ఈ వ్యాధి తొలిదశలో బాధ తెలియనీయక లోలోపలనే ముదురును.

శరీరమునందలి కాల్షియములో నూటికి 99 పాళ్లు ఎముకలయందే యుండును. ఎముక గాదె వంటిది. రక్తమునందలి కాల్షియము దినవెచ్చమునకై వెలికి దీసిన ధాన్యము వంటిది. గుండె కొట్టుకొనుటకును, కండరములు కదలుటకును అది 100 మిల్లీలీటర్ల రక్తమునకు సుమారు 8.5 మొదలు 10.5 మిల్లీగ్రాముల వఱకు ఉండవలెను.

ఆరోగ్యముగల మూత్రపిండములు మిగులు భాస్వరమును మూత్రముద్వారా వెడలించును. విటమిను డిని పనికివచ్చు రూపమునకు మార్చును. ఆ విటమినే ఆహారమునందలి కాల్షియమును ప్రేగులనుండి రక్తమునకు జేర్చును. మూత్రపిండములు క్షీణించినపుడు భాస్వరము నిలువయగును, కాల్షియము తఱుగును. అంతట మెడయందలి నాలుగు పారాథైరాయిడు గ్రంథులు తమ హార్మోనును అధికముగా స్రవించి, ఎముకలనుండి కాల్షియమును లాగి రక్తమున కందించును. ఎముకలు గుల్లబారి స్వల్పపు దెబ్బకే విఱుగును. కాల్షియము, భాస్వరము కలిసి రక్తనాళములలో పేరుకొని గుండెకును హాని గలిగించును.

కావున రక్తమునందు కాల్షియము సరిగా నున్నంతమాత్రమున గాదె నిండియున్నదని తలపరాదు. ఇంటిఖర్చు జరుగుచుండగనే గాదె యడుగంటవచ్చును.

పాటింపవలసిన విషయములు:

1. చక్కెరవ్యాధి, రక్తపుపోటు గలవారు ఏటేట రక్తమున క్రియాటినినును, మూత్రమున ఆల్బుమినును పరీక్ష చేయించుకొనవలెను.

2. మూత్రపిండ వ్యాధి గలవారు కాల్షియము, భాస్వరము, పారాథైరాయిడు హార్మోను, విటమిను డి పరీక్షలనుగూర్చి వైద్యుని అడుగవలెను.

3. వైద్యుని యనుమతి లేక నొప్పిమాత్రలు వాడరాదు. కాల్షియము మాత్రలనుగూడ స్వయముగా కొని మ్రింగరాదు. అవి రక్తనాళములలో చేరవచ్చును.

4. పొట్లములలో నిలువయుంచిన తినుబండారములందును, నల్లని సీసాపానీయములందును గలిపెడి భాస్వరము శీఘ్రముగా రక్తమున జేరును గనుక వానిని మానవలెను. పాలు, మాంసము, పప్పుల మోతాదు వైద్యుడు నిర్ణయింపవలెను.

సంఘ సభ్యులు ఈ సంగతులను తమ యింటివారికిని, తమ పొలములలో పనిచేయు కూలివారికిని గూడ తెలుపుదురు గాక.