కాయకము – దావత్

కాయకమను మాటను మనము నిత్యము వినుచున్నాము. కాయముతో, అనగా శరీరముతో, చిత్తశుద్ధిగా చేయు శ్రమయే కాయకము. పన్నెండవ శతాబ్దిలో కల్యాణమున బసవేశ్వరుని చుట్టును చేరిన శరణుల పేర్లలోనే వారి పనులు నిలిచియున్నవి. మడివాళ మాచయ్య బట్టలుతికెను. అంబిగర చౌడయ్య పడవ నడిపెను. నులియ చందయ్య త్రాళ్లు పేనెను. ఆయ్దక్కి మారయ్య నేల రాలిన బియ్యమును ఏరి తెచ్చెడివాడు. ఒకనాడతడు అవసరమునకు మించి తెచ్చినప్పుడు ఇల్లాలు లక్కమ్మ దానిని వండక, తెచ్చిన చోటనే పోసి రమ్మని భర్తను మరలించెనను కథ మన యిండ్లలో పిల్లలకును తెలియును.

ఈ కథను నేను తరగతిలో అనేక పర్యాయములు చెప్పితిని. కాయకము వలన ఇంటికి వచ్చునది శుద్ధమై యుండవలెనని బోధించితిని. అయితే ఇతరుల కాయకమునకు బదులుగా మన చేతినుండి వెడలునది ఎట్టిదో చిరకాలము విచారింపలేదు.

పదునైదేండ్ల క్రిందట మా ఇంటికి స్లాబు వేయించితిని. ఆ పని ఎరిగినవారికి తెలియును, దానిని నడుమ ఆపుటకు వీలు లేదు. ఆపినచో అతుకు పడును, అతుకున నీరు దిగును. తెల్లవారకముందే కాంక్రీటు కలుపు యంత్రము మొదలైనది. ఇరువదిమంది ఆడు, మగ కూలీలు వరుసగా నిలిచి తట్టలందించిరి. చీకటి పడువేళకు పని ముగిసెను. మేస్త్రి నా యొద్దకు వచ్చి "సారూ, స్లాబు దావత్" అనెను. కూలికి అదనముగా, మగవారు త్రాగుటకై యజమాని ఇచ్చు సొమ్మునకు మా ప్రాంతమున అది పేరు. రెండు వేల రూపాయలు ఇచ్చితిని. నేను మద్యము ముట్టినవాడను కాను, సీసాను చేతితో తాకలేదు, సొమ్ము మాత్రమే ఇచ్చితినని మనస్సునకు సర్దిచెప్పుకొంటిని.

మరునాడు ప్రొద్దుననే, తట్టలు మోసిన స్త్రీలలో ఒకతె ఇంటి ముందు నిలిచెను. మేస్త్రి ఆమె కూలిని ఆమె భర్త చేతికే ఇచ్చెనట. "మీ పైసలతోని షురూ చేసిండు సారూ, నా కూలి పైసలతోని ఆపిండు" అనెను. కోపముతో అన్న మాట కాదది. ఇంకొక దినము పని యుండునేమో అడుగుటకు ఆమె వచ్చినది.

ఆమె మోసిన తట్ట బరువు భర్త మోసిన దానికి తక్కువ కాదు. దావత్ మాత్రము మగవారికే. దాని వెంట ఆమె కూలి కూడ పోయెను. ఇందు త్రాగినవాని తప్పును తీసివేయుట లేదు. కాని ఆ సాయంకాలము అతడు త్రాగకుండ ఇంటికి పోదలచినను పోగలడా? పదిమంది తోటివారు కూర్చుండగా, యజమాని సొమ్ము వచ్చియుండగా, లేచిపోవువాడు మరునాటి పనికి మేస్త్రి పిలుపు పోగొట్టుకొనును. దానిని నేను బహుమానమనుకొంటిని. వానికది పనిలోని భాగమైనది. ఇచ్చిన ప్రతి రూపాయయు దాసోహము కాజాలదు.

ఈ దావత్ కూలీల పనిలోనే కలదని ఉద్యోగస్థులు అనుకొనరాదు. పదోన్నతి వచ్చిన దావత్, బదిలీ అయిన దావత్, పదవీ విరమణ అయిన దావత్. బిల్లు మంజూరైనందుకు కంట్రాక్టరు పెట్టు దావత్ సంగతి చెప్పనే అక్కరలేదు. ఉపాధ్యాయులమైన మేమును దీనికి వెలి కాము. నగరములలో కంపెనీలలో చేరిన మన పిల్లలు, పై అధికారియే గ్లాసు అందించునప్పుడు వలదనుట ఎట్లని అడుగుచున్నారు. ఏటేట తన పనిని తూచి మార్కులు వేయువాడు అందించిన గ్లాసును కాదనుట ఇరువది నాలుగేండ్ల బాలునకు సులభము కాదు. పెద్దలము దీనిని తేలికగా తీసికొని "నీకు బుద్ధి లేదా" అని గద్దించుట వలన ప్రయోజనము లేదు.

నేను వారికి చెప్పునది ఇది. విందునకు వెళ్లుము, అందరితో కూడి భుజింపుము. గ్లాసును నిరాకరింపుము, మనుష్యులను నిరాకరింపకుము. మొదటి దినముననే "నేను తీసికొనను" అని చెప్పుము. మందులు వాడుచున్నాననియో, నేడు ఉపవాసమనియో అబద్ధమాడినచో వచ్చే నెల మరియొక అబద్ధము వెదకికొనవలసి వచ్చును. మెడలో లింగమున్నవానికి ఇంతకంటె కారణము చెప్పవలసిన పని లేదు.

"రెక్కలు ముక్కలగునట్లు పనిచేసినవానికి కొంచెము పడనిదే ఒళ్లునొప్పులు తీరవు" అను వాదము తరచుగా వినబడును. మద్యము నొప్పి తెలియకుండ కొంతసేపు కప్పును, కండరము అలసటను తీర్చదు. మూత్రమును అధికము చేసి, ఎండలో చెమటోడ్చిన దేహమున మిగిలిన నీటిని కూడ వెడలగొట్టును. నిద్ర పట్టించినట్లే పట్టించి నడిరేయి మేలుకొలుపును. కాలేయము దానిని తన నెమ్మది చొప్పుననే హరించును. అందువలన రాత్రి ప్రొద్దుపోవువరకు త్రాగినవాని రక్తమున తెల్లవారినను మద్యము మిగిలియుండును. మజ్జిగ గాని, నిమ్మరసము గాని, చన్నీటి స్నానము గాని దానిని త్వరపెట్టజాలవు. వాహనము నడుపువానికి 100 మిల్లీలీటర్ల రక్తమున 30 మిల్లీగ్రాములు మించరాదని మోటారు వాహనముల చట్టమున 185వ సెక్షను నిర్ణయించినది. మూడవ అంతస్తు పరంజాపై నిలిచి ఇటుకలందుకొనువానిని పరీక్షించువారెవ్వరు?

పాత ఆచారమును మాన్పుట అసాధ్యమందురు. బ్రిటిషు నావికాదళమున నావికులకు దినదినము రమ్ము కొలిచి ఇచ్చు పద్ధతి మూడు వందల ఏండ్లకు పైగా సాగినది. ఓడలలో సున్నితమైన యంత్రములు నడుపువారి చేతులు, బుద్ధి నిలకడగా నుండవలెనని 1970 జూలై 31తో దానిని నిలిపివేసిరి. నావికులు దుఃఖించిరి, కొందరు నల్లపట్టీలు ధరించిరి. ఓడలు మాత్రము ఆగలేదు.

మన మఠములు ఈ విషయమున మౌనముగా లేవు. కర్ణాటకమున ఇలకల్ మఠమునకు చెందిన మహాంత శివయోగులు 1975లో జోలె పట్టి ఊరూర తిరిగిరి. బియ్యము కాదు, డబ్బు కాదు, మీ వ్యసనములను ఈ జోలెలో వేయుడని అడిగిరి. వారు 2018లో లింగైక్యులైరి. వారి జన్మదినమైన ఆగస్టు 1ని కర్ణాటక ప్రభుత్వము వ్యసనముక్త దినముగా జరుపుచున్నది.

ఇచ్చట మఠముల పెద్దలకు ఒక విన్నపము. ఏండ్ల తరబడి దినమును త్రాగుచున్నవాడు మీ యెదుట ప్రమాణము చేసి ఒక్కసారిగా మానినచో, రెండు మూడు దినములలో చేతుల వణకు, మూర్ఛ, మతి తప్పి మాటలాడుట సంభవింపవచ్చును. ప్రాణమునకే అపాయము రావచ్చును. ఇంటివారు దానిని గాలి సోకినదనియో, మానుట వలన మేలు జరుగలేదనియో తలచి తిరిగి సీసా అందింతురు. కనుక ప్రమాణమునకు ముందు ప్రభుత్వాసుపత్రికి పంపుడు. 14446 అను సంఖ్యకు ఖర్చు లేకుండ ఫోను చేసి సలహా పొందవచ్చును.

ఈ వేసవిలో మా ఇంటికి పై అంతస్తు వేయించితిని. బేరము కుదుర్చుకొను దినముననే మేస్త్రితో దావత్ సొమ్ము ఇయ్యనని చెప్పితిని. దానికి బదులు మధ్యాహ్నము అందరికిని భక్ష్యములతో భోజనము, ఆడు, మగ భేదము లేక ఒక్కొక్కరికి సగము కూలి అదనము, ఎవరి కూలి వారి చేతికే. "పోరగాళ్లు రారు సారూ" అనెను. అతడన్నట్లే ముగ్గురు రాలేదు. పని రెండు గంటలు ఆలస్యమై, చివరి తట్టలు దీపముల వెలుగున పడినవి. కూలి పంచునప్పుడు ఆనాటి స్త్రీ కొరకు చూచితిని. ఆ కుటుంబము పటాన్‌చెరు వైపు పనికి పోయి చాల ఏండ్లైనదని మేస్త్రి చెప్పెను.