వారం రోజుల జలుబుకి పెద్దమ్మ ఉత్తరం

గుడివాడ

చి. బుజ్జికి,

నీ గొంతు బొంగురుపోయిందనీ, ముక్కు దిబ్బడేసి రాత్రంతా నోటితోనే ఊపిరి తీస్తున్నావనీ మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మాదాపూర్ హాస్టల్లో మీ గదిలో ఉన్న నలుగురిలో ముగ్గురిదీ ఇదే గోలట. ఒకమ్మాయి ఎవరో ఇచ్చిన యాంటీబయాటిక్ మింగుతోంది. ఇంకో అమ్మాయి యూట్యూబ్ చూసి పచ్చి వెల్లుల్లి నములుతోంది. నువ్వేమో రెండు రకాల జలుబు మాత్రలు ఒకేసారి వేసుకుంటున్నావు. ముగ్గురిలోకీ ఆ వెల్లుల్లి పిల్లే కాస్త నయం.

ముందు జలుబు సంగతి చూద్దాం. దాన్ని తెచ్చే వైరస్‌లు రెండు వందలకు పైనే. వాటిలో పెద్ద వాటా రైనోవైరస్‌లది. ఒక్క ఆ కుటుంబంలోనే నూట అరవై దాకా రకాలున్నాయి. ఒకదానికి ఒళ్ళు అలవాటు పడేసరికి ఇంకొకటి తగులుతుంది. పెద్దవాళ్ళకి ఏడాదికి రెండు మూడుసార్లు, చిన్నపిల్లలకి అంతకన్నా ఎక్కువసార్లు పడిశం పట్టడం అందుకే. ఇప్పటిదాకా టీకా రాకపోవడానికీ అదే పెద్ద కారణం. జలుబు రెండో రోజుకో మూడో రోజుకో ముదురుతుంది, వారం పది రోజుల్లో దానంతటదే పోతుంది. బ్రిటన్‌లో సాల్స్‌బరీ ఊరి దగ్గర 1946లో జలుబు కోసమే ఒక పరిశోధన కేంద్రం తెరిచారు. తిండీ బసా ఉచితంగా పెట్టి, చేతి ఖర్చుకి కొంత డబ్బిచ్చి, వచ్చినవాళ్ళ ముక్కుల్లో వైరస్ చుక్కలు వేసి చూసేవారు. సెలవులు గడపడానికే అక్కడికి వచ్చినవాళ్ళూ ఉన్నారు. నలభై ఏళ్ళకు పైగా నడిచింది. జలుబు గురించి బోలెడు తెలిసింది గానీ మందు మాత్రం దొరకలేదు.

కాబట్టి పెద్దమ్మ పంపే పొడులేవీ ఈ జలుబుని ముందుగా సాగనంపవు. ఆ ఆశ పెట్టుకోకు. ఈ వారం ఎంత సుఖంగా గడుస్తుందన్నదే మన చేతిలో ఉంది, అదేం చిన్న విషయం కాదు.

మీ అమ్మ అప్పుడే తీర్పు చెప్పేసింది: తలంటుకుని తడి జుట్టుతో ఏసీ బస్సెక్కావు కాబట్టే వచ్చిందట. దీని మీద చాలాకాలంగా తగువుంది. సాల్స్‌బరీలో వేడినీళ్ళ స్నానం చేయించి, తడి ఒంటితో చల్లగాలిలో నిలబెట్టి చూస్తే జలుబులేమీ పెరగలేదు. చలి దోషం కాదని తేల్చేశారు. అయితే వేల్స్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2005లో వేరే లెక్క బయటపెట్టారు. తొంభై మంది చేత ఇరవై నిమిషాలు చల్లటి నీళ్ళలో పాదాలు పెట్టించారు, ఇంకో తొంభై మంది పాదాలను ఖాళీ గిన్నెలో పెట్టించారు. తర్వాతి నాలుగైదు రోజుల్లో మొదటి గుంపులో 29 శాతం మందికి జలుబు లక్షణాలు కనిపిస్తే, రెండో గుంపులో 9 శాతం మందికే కనిపించాయి. ముక్కులో అప్పటికే నక్కి ఉన్న వైరస్‌కి చలి దారి ఇచ్చి ఉంటుందని వాళ్ళ ఊహ. వైరస్ లేకుండా తడి జుట్టు ఒక్కటే జలుబు తేలేదు. అలాగని మీ అమ్మ మాటని పూర్తిగా కొట్టిపారేయడానికీ లేదు. తల ఆరాకే బస్సెక్కితే ఆవిడా సంతోషిస్తుంది.

ఇక ఉపశమనం. అన్నిటికన్నా ముందు వేడి వేడిగా ఏదైనా తాగడం. అదే కార్డిఫ్‌లో 2008లో జలుబు, ఫ్లూ లక్షణాలున్న ముప్పై మందికి పళ్ళరసం నీళ్ళు వేడిగానూ, గది వేడిమిలోనూ ఇచ్చి చూశారు. వేడిగా తాగినప్పుడు ముక్కు కారడం, దగ్గు, తుమ్ములు, గొంతునొప్పి, వణుకు, నీరసం అన్నీ తగ్గినట్టు చెప్పారు. చల్లారిన దానితో గొంతునొప్పి, వణుకు, నీరసం తగ్గలేదు. తమాషా ఏమిటంటే, ముక్కులో గాలి ఎంత ఆడుతోందో పరికరంతో కొలిస్తే రెండు సందర్భాల్లోనూ పెద్ద తేడా లేదు. అంటే ముక్కు తెరుచుకోకుండానే మనిషికి హాయిగా అనిపించింది. చలిజ్వరంలో వేడి చారు గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నవాళ్ళెవరికీ ఇది కొత్త విషయం కాదు.

మిరియాల చారు పెట్టడం నీకు రాదని తెలుసు. చిన్న ఉసిరికాయంత చింతపండు వేడినీళ్ళలో నానేసి, పిసికి, పిప్పి తీసెయ్. రెండు గ్లాసుల నీళ్ళు, చిటికెడు పసుపు, ఉప్పు, రెండు రెబ్బల కరివేపాకు వేసి పొయ్యి మీద పెట్టు. ఈలోగా చెంచాడు మిరియాలు, అర చెంచా జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రెబ్బలు కచ్చాపచ్చాగా దంచు. మెత్తగా పొడి కొట్టిన మిరియాలు గొంతులో గుచ్చుకుంటాయి, మిక్సీలో వేయకు. పులుసు పచ్చివాసన పోయాక దంచింది వేసి, పైన నురగ కట్టి పొంగబోతుండగా దించెయ్. ఆ తర్వాత ఇంకా మరిగిస్తే ఘాటు పోయి చేదు మిగులుతుంది. మిరియాల్లో ఉండే పైపరిన్ నోట్లోని మంట నరాలను తట్టగానే కళ్ళల్లో నీళ్ళు, ముక్కులో నీళ్ళు వచ్చేస్తాయి. బిగిసిన ముక్కు కాసేపు కదిలేది అందుకే. మెతుకు మెత్తగా ఉడికిన అన్నంలో కలుపుకుని తిను, మిగిలింది గ్లాసులో పోసుకుని తాగు. హాస్టల్ వంటావిడని బతిమాలుకుంటే పెడుతుంది. కరెంటు కెటిల్లో మాత్రం కాచకు, చింతపండు పులుపు అడుగున పట్టిందంటే ఇక రేపటి కాఫీ నీళ్ళూ చారే.

కెటిల్లో చేసుకోదగ్గది శొంఠి కాఫీ. వేడి నీళ్ళలో అర చెంచా శొంఠి పొడి, కాస్త బెల్లం, ఇష్టమైతే కాఫీ పొడి. జలుబు మీద అల్లం, శొంఠి ఏదో అద్భుతం చేస్తాయని పెద్దమ్మ ప్రమాణం చేయదు. గొంతుకి వెచ్చగా ఉంటుంది, కడుపులో తిప్పడం తగ్గుతుంది.

తేనెకి మాత్రం గట్టి సాక్ష్యమే ఉంది. 2007లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో జలుబుతో దగ్గుతున్న 105 మంది పిల్లల మీద ఒక రాత్రి పరీక్ష చేశారు. కొందరికి పడుకునే ముందు తేనె, కొందరికి తేనె రుచి కలిపిన దగ్గు మందు ఇచ్చారు, మిగతావాళ్ళకి ఏమీ ఇవ్వలేదు. పొద్దున తల్లిదండ్రులను అడిగితే తేనె పుచ్చుకున్న పిల్లలకే దగ్గు ఎక్కువ తగ్గిందని తేలింది. రాత్రి పడుకోబోయే ముందు ఒక చెంచా నాకు, పైన నీళ్ళు తాగకు. మీ అక్క ఆదివారం పాపని తీసుకుని వస్తానందట. ఏడాది నిండని బిడ్డకి తేనె నాలుక మీద రాయడం కూడా వద్దు. అందులో ఉండే సూక్ష్మజీవి బీజాలు పసిపిల్లల పేగుల్లో మొలకెత్తి బోటులిజమ్ అనే ప్రాణాంతక జబ్బు తెస్తాయి. మన ఇళ్ళల్లో ఇంకా తేనె నాకించే ముసలమ్మలున్నారు, మొహమాటపడకుండా చెప్పు.

నొసటికి రాసుకునే బామ్ దగ్గరికి వస్తే కొంచెం గొప్ప చెప్పుకోవాలి. మన కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. తెలుగు పత్రికల చరిత్రలో పెద్ద పేరైన ‘ఆంధ్రపత్రిక’ ఆ తలనొప్పి మందు డబ్బుతోనే 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టి, 1914లో మద్రాసులో దినపత్రికైంది. నువ్వుంటున్న హైదరాబాదుకీ సొంత మందు ఉంది. హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ 1920లో తయారుచేసిన జిందా తిలిస్మాత్ ఇప్పటికీ పాతబస్తీ కిరాణా కొట్లలో దొరుకుతుంది. అందులో ముఖ్యమైనది జామాయిల్ నూనె.

వీటన్నిటిలో ఉండే మెంథాల్, కర్పూరం చేసే పని ఒక చిన్న మోసం. ముక్కు లోపల చల్లదనాన్ని పసిగట్టే నరాలను మెంథాల్ మేల్కొలుపుతుంది. చల్లగాలి లోపలికి వెళ్తున్నట్టు మెదడుకి కబురు చేరుతుంది, వాపు మాత్రం అలాగే ఉంటుంది. నిద్ర పట్టడానికి ఆ మోసం చాలు. ఛాతీకీ, మెడకీ రాసుకో, ముక్కు రంధ్రాల్లో పెట్టుకోకు. రెండేళ్ళు నిండని పిల్లలకి కర్పూరం ఉన్న బామ్ రాయకూడదు.

ఆవిరి పట్టడం మీద పెద్దమ్మకి ఇష్టమెంతో భయమూ అంతే. పట్టినంతసేపూ ఒళ్ళు తేలిగ్గా ఉంటుంది. జలుబుని త్వరగా తగ్గిస్తుందా అని జరిగిన పరీక్షల్లో నిలకడైన ఫలితం రాలేదు. కాలిన గాయాలు మాత్రం నిజం. 2020లో కోవిడ్ మొదలైన రోజుల్లో ఆవిరి గిన్నె ఒలికి కాలిన పిల్లలు ఒక్కసారిగా ఎక్కువయ్యారని ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ వైద్యులు రాశారు. మంచం మీద ఒళ్ళో గిన్నె పెట్టుకుని దుప్పటి కప్పుకోవడం మానెయ్. బరువైన గిన్నె బల్ల మీద పెట్టి, పొయ్యి ఆపి రెండు నిమిషాలయ్యాక మొహం పెట్టు. స్నానాల గదిలో తలుపేసి వేడినీళ్ళు వదులుకున్నా అదే సుఖం.

ముక్కు మూసుకుపోవడానికి చీమిడి కన్నా లోపలి పొరల్లో రక్తనాళాలు ఉబ్బడం పెద్ద కారణం. అందుకే ఎంత చీదినా తెరుచుకోదు. మామూలు రోజుల్లో కూడా ఆ పొరలు కొన్ని గంటలకోసారి వంతులు మార్చుకుని ఒక పక్క ఉబ్బుతాయి, ఇంకో పక్క తగ్గుతాయి. జలుబులో ఆ వంతు మనకి తెలిసొస్తుంది. ఒక పక్కకి తిరిగి పడుకుంటే కిందవైపు ముక్కు బిగుస్తుంది. రెండు దిండ్లు వేసుకుని తల ఎత్తులో పెట్టుకో. ఉప్పునీళ్ళతో పుక్కిలించు. ముక్కు కడుక్కోవాలనిపిస్తే కాచి చల్లార్చిన నీళ్ళతోనే కడుక్కో, కుళాయి నీళ్ళు పనికిరావు.

పెరుగన్నం మానేశావట. ఎందుకూ? ఆస్ట్రేలియాలో రైనోవైరస్ ఎక్కించిన వాలంటీర్లు తాగిన పాలనీ, కారిన చీమిడినీ లెక్కగట్టి చూస్తే రెండింటికీ సంబంధం కనిపించలేదు. ఫ్రిజ్‌లోంచి తీసింది కాకుండా, తాజాగా తోడుకున్నది తిను. విటమిన్ సి మాత్రలు జలుబు మొదలయ్యాక వేసుకుంటే ఫలితం లేదు, ఆ డబ్బుతో బత్తాయిలు కొనుక్కో.

ఇప్పుడు ఆ మాత్రల సంగతి. మందుల షాపువాడు ఇచ్చే జలుబు మాత్రల్లో చాలావాటిలో పారాసెటమాల్ ఉంటుంది. రెండు బ్రాండ్లు కలిపి, పైన ఒళ్ళునొప్పులకి మరో 650 మి.గ్రా. పారాసెటమాల్ మాత్ర వేసుకుంటే మోతాదు తెలియకుండానే పెరిగి కాలేయం దెబ్బతింటుంది. రేపర్ వెనక చిన్న అక్షరాలు చదువు, పారాసెటమాల్ ఉన్నది ఒక్కటే ఉంచుకో. ముక్కు దిబ్బడకని అందులో కలిపే ఫినైలెఫ్రిన్ మింగితే పనిచేయదని 2023లో అమెరికా ఎఫ్‌డీఏ నిపుణుల కమిటీ ఏకగ్రీవంగా చెప్పింది. ముక్కులో వేసుకునే చుక్కలు పనిచేస్తాయి గానీ మూడు నుంచి అయిదు రోజులు దాటితే అవే దిబ్బడ తెస్తాయి. ఆ యాంటీబయాటిక్ అమ్మాయికీ చెప్పు: అది వైరస్ మీద పనిచేయదు. చీమిడి పచ్చగా మారిందని భయపడి మొదలుపెట్టి ఉంటుంది. ఆ రంగు మన తెల్ల రక్తకణాల్లోని ఎంజైముది, దాన్నిబట్టి బ్యాక్టీరియా చేరిందని చెప్పలేం.

తుమ్మినప్పుడు మోచేతి మడత అడ్డం పెట్టుకో, చేతులు సబ్బుతో కడుక్కో. నాలుగో అమ్మాయినైనా బతకనివ్వండి.

శొంఠి పొడి, మిరియాలు, తేనె బస్సు పార్సిల్లో వేశాం. దగ్గు రెండు మూడు వారాలు సాగితే కంగారు పడకు. జ్వరం మూడు రోజులు దాటినా, ఆయాసం వచ్చినా, ఛాతీ నొప్పి, చెవిపోటు మొదలైనా, తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెట్టినా పొడులన్నీ పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఇది వానాకాలం. ముక్కు కారకుండా ఒక్కసారిగా పెద్ద జ్వరం, కంటిగుడ్ల వెనక నొప్పి, కీళ్ళు విరిచేసినట్టు ఉంటే దాన్ని జలుబు అనుకోకు. ఆ రోజే డాక్టరుకి చూపించి డెంగీకి రక్తపరీక్ష చేయించు.

ఇట్లు,
మీ పెద్దమ్మ