కలమును పట్టిన చేయి

తిరుపతికి చేరువనే, స్వర్ణముఖీ నదీతీరమున శ్రీకాళహస్తి క్షేత్రము కలదు. ఆ యూరి పేరు వినినంతనే భక్తులకు వాయులింగము స్ఫురించును. వస్త్రకళ నెఱిగినవారికి కలంకారీ స్ఫురించును. ఆ కళకు మూలసాధనమైన కలము చూచుటకు మిక్కిలి సామాన్యము. వెదురుపుల్లను మొనదేర్చి, మొనకు కొంచెము పైగా ఉన్నిని చుట్టి, దారముతో బిగింతురు. అంతకంటె మఱేమియు లేదు. ఉన్ని రంగును పీల్చి నిలుపుకొనును. వ్రేళ్ళతో నొక్కినకొలది రంగు మొనకు దిగును.

నల్లని గీతకు వాడు ద్రవమును కసిమి యందురు. త్రుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీటిలో పలుదినములు పులియబెట్టి దీనిని చేయుదురు. బట్టను ముందుగా కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో తడిపి ఆరవేయుదురు. కరక్కాయ వగరు ఇనుముతో కలిసి నల్లనగును. పాలలోని కొవ్వు రంగును ప్రాకనీయదు. కాని ఒకసారి పడిన నల్లగీతను చెఱపుట సాధ్యము కాదు. చేయి ఒకచోట క్షణము తడసినచో మరక యగును. త్వరపడినచో గీత తెగును. ఉన్నిలో రంగు తగ్గినకొలది వ్రేళ్ళు మఱికొంత నొక్కవలెను. ఈ విద్యలో ఆరితేరిన జొన్నలగడ్డ గురప్పశెట్టిగారిని భారత ప్రభుత్వము 2008లో పద్మశ్రీ బిరుదముతో గౌరవించినది.

ఈ పనిని ఒక మరమనిషి చేతికి అప్పగించితిమనుకొందము. కార్ల కర్మాగారములలో మరచేతులు ఇనుపరేకులను అతుకుచున్నవి. చెప్పిన చోటికి వెంట్రుకవాసి తప్పక పోవుచున్నవి. అయినను ఎచ్చటికి పోవలెనో తెలిసినంతమాత్రమున కలంకారీ రాదు. బట్ట మెత్తన, దాని క్రిందిబల్ల గట్టి. కలము కొంచెము దిగినచో మొన విఱుగును. కొంచెము లేచినచో గీతయే పడదు.

ఇచ్చట ఒక వింత కలదు. మన నరములలో మిక్కిలి వేగవంతమైనవి సైతము వార్తను సెకనుకు సుమారు 120 మీటర్లకు మించి మోయజాలవు. రాగితీగలో విద్యుత్సంకేతము అంతకు లక్షలరెట్లు వేగముగ పోవును. మన కండరములును మోటారుల కంటె మందములే. ఇంత మందమైన చేయి అంత నేర్పుగ పనిచేయుట యెట్లు?

కండరము కొంతవరకు స్ప్రింగువంటిది. కీలునకు ఇరువైపుల నున్న కండరములు ఒక్కసారి బిగిసినచో చేయి గట్టిపడును, సడలినచో మెత్తబడును. ఎంత గట్టిగ నుండవలెనో చేయి పనికి ముందే నిర్ణయించుకొనును. కావున బట్టలో ముడి తగిలినప్పుడు, ఆ వార్త మెదడును చేరకమునుపే చేయి దాని కనుగుణముగ ఒదుగును. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన నెవిల్ హోగన్ 1985లో ఈ భావమునే మరచేతులకు సూత్రముగ రచించెను. మరచేతికి స్థానమును మాత్రమే గాని బలమును మాత్రమే గాని నిర్దేశించుట చాలదు. ఎంత త్రోసిన ఎంత ఒదుగవలెనో ఆ సంబంధమును నిర్దేశింపవలెనని ఆయన మతము.

అంతకు చాలముందే, 1920 దశకమున, రష్యా శాస్త్రవేత్త నికొలాయ్ బెర్న్‌స్టీన్ సుత్తిపనివారి దేహమునకు చిన్నదీపములు కట్టి ఛాయాచిత్రములు తీసెను. భుజము, మోచేయి ప్రతిదెబ్బకును వేఱువేఱు దారులలో కదలినవి. సుత్తితల మాత్రము ఇంచుమించు ఒకేచోట పడినది. నేర్పరి ఒకే కదలికను మరల మరల చేయుననుకొనుట పొరబాటని దీనివలన తేలినది. ఇది కలంకారీ చేతికిని చెల్లును.

ఇక మిగిలినది స్పర్శ. ఒక్క అరచేతివైపు చర్మమున సుమారు 17,000 స్పర్శనాడులు కలవు. పట్టిన వస్తువు జారనారంభించినంతనే, సెకనులో పదవవంతు లోపలనే, వ్రేళ్ళు పట్టు బిగించును. మత్తుమందుతో వ్రేలికొనలను మొద్దుబాఱజేసినచో, అగ్గిపుల్ల గీయుట వంటి చిన్నపనియు మహాకష్టమగునని స్వీడన్ దేశపు పరిశోధకులు చూపిరి. నేటి మరచేతులు పెక్కులకు వ్రేళ్ళిట్లు మొద్దుబాఱినవే. వానికి కృత్రిమచర్మము కల్పించు ప్రయత్నములు పలుదేశములలో సాగుచున్నవి. కాని ఉన్నిలోని తడి తగ్గుటను, వెదురుమొన అరుగుటను మనవలె కనిపెట్టగల చర్మము వానికి ఇంకను సమకూడలేదు.