కిరణ చికిత్స పొందినవారు - దంత సంరక్షణ

శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల పల్లెలలో చుట్ట కాలుచున్న కొనను నోటిలోపల నుంచుకొని ‘అడ్డపొగ’ పీల్చు వృద్ధ స్త్రీలు నేటికిని గలరు. చుట్ట, ఖైనీ, గుట్కా, వక్క - ఇవి యన్నియు నోటి క్యాన్సరునకు దారితీయును. ఈ వ్యాధికి గల ముఖ్య చికిత్సలలో కిరణ చికిత్స యొకటి. పల్లెలలో దీనినే ‘కరెంటు పెట్టుట’ యందురు. గండము గడచినదని నిశ్చింతగా నున్న రోగి, కొంతకాలమునకు పన్ను నొప్పి రాగా, ఎవరికిని చెప్పక దానిని పీకించుకొనును. కొత్త కష్టము అచ్చటనే మొదలగును.

ఇందుకు కారణమేమి? కిరణములు రోగకణములను నశింపజేయునపుడు వాటి దారిలోని లాలాజల గ్రంథులకును హాని కలుగును. లాలాజలము పండ్లకు సహజ కవచము. అది తగ్గినచో మంచి పండ్లు సైతము కొద్ది మాసములలోనే చిగుళ్లవద్ద పుచ్చిపోవును. దవడ యెముకలోని సన్నని రక్తనాళములును క్షీణించును. అట్టి యెముకకు గాయము మాన్పుకొను శక్తి తక్కువ. పన్ను తీసిన గుంత పూడక, ఎముకయే చివికి బయటపడవచ్చును. క్రింది దవడకు ఈ ప్రమాదము హెచ్చు. ఏండ్లు గడచినను ఇది తొలగదు.

చికిత్సకు ముందు: దంతవైద్యునిచే నోరు పరీక్ష చేయించవలెను. నిలువని పండ్లను అప్పుడే తీయించినచో, గాయము మానుటకు రెండు మూడు వారముల వ్యవధి లభించును. కాని ఈ పేరుతో క్యాన్సరు చికిత్సను స్వయముగా వాయిదా వేసికొనరాదు. వైద్యులిరువురు కలిసి నిర్ణయింతురు.

చికిత్స కాలమునను, తరువాతను: మెత్తని బ్రష్షుతో, ఫ్లోరైడు గల పేస్టుతో దినమునకు రెండుసార్లు తోముకొనవలెను. నురుగు మింగరాదు. బొగ్గుపొడి, ఇటుకపొడి, గరుకైన పుల్ల పనికిరావు. ఒక కప్పు గోరువెచ్చని నీటిలో పావు చెంచా వంటసోడా, అందులో సగము ఉప్పు కలిపి పలుమార్లు పుక్కిలించి, పిదప మంచినీటితో కడుగవలెను. తరచుగా నీరు గుక్కగుక్కగా త్రాగవలెను. బెల్లము, మిఠాయిలు తగ్గించవలెను. నోరు పూసియున్నపుడు కారము, పులుపు మానవలెను. దవడ బిగుసుకొనకుండ, నొప్పి కలుగనంత వరకు నోరు తెరచి మూయుచు, పూటకు ఇరువదిసార్లు చొప్పున దినమునకు మూడు పూటలు అభ్యాసము చేయవలెను. కట్టుడుపండ్లు రాత్రివేళ తీసివేయవలెను. పొగాకు పూర్తిగా విడువవలెను.

ఆసుపత్రివారిచ్చిన చికిత్స కాగితమును భద్రపరచుడు. పంటినొప్పి వచ్చినపుడు దానిని దంతవైద్యునికి చూపి, “నాకు కరెంటు పెట్టినారు” అని ముందుగా చెప్పుడు. ఆ యొక్కమాట మీ దవడను కాపాడగలదు.